సింబల్ పెట్టాం సరే, చదివామా?

మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టుకి మేం నలుగురం కలిసి వేరుశనక్కాయలు ఒలిచే చిన్న మిషన్ ఒకటి చేద్దామనుకున్నాం. మోడల్ బ్రహ్మాండంగా వచ్చింది. స్క్రీన్ మీద అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయాం. రివ్యూలో సార్ కూడా "బాగుందిరా" అన్నారు. ఆ ఊపులోనే డ్రాయింగ్ షీట్లు తీసి, ప్రింట్లు కొట్టించి, విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి పట్టుకెళ్లాం. షీటు నిండా సింబల్సే. చూసినవాళ్లెవరైనా ఏ పెద్ద కంపెనీ డ్రాయింగో అనుకోవాల్సిందే.

లేత్ మీద పనిచేసే బాబాయ్‌కి అరవై ఏళ్లుంటాయి. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టుకుని షీటు చూశాడు. ఒక్క నిమిషం తర్వాత అడిగాడు:

"ఏం బాబూ, ఈ ఎన్ ఏంటి?"

చూస్తే నిజమే. ప్రతి రంధ్రం దగ్గరా వ్యాసం గుర్తు ఉండాల్సిన చోట ఇంగ్లీషు ఎన్ అక్షరం ఉంది. లోతు గుర్తు ఉండాల్సిన చోట ఎక్స్ ఉంది. 8 వ్యాసం, 20 లోతు అని మేం రాసింది కాస్తా ఎన్ 8, ఎక్స్ 20 అయిపోయింది. ఆయన మళ్లీ అడిగాడు, "8 ఇంటూ 20 అంటే గాడి కొట్టాలా? బొమ్మలో గుండ్రంగా ఉంది కదా?"

మా దగ్గర జవాబు లేదు. హాస్టల్‌కి వచ్చాక తెలిసింది సంగతి. ఆటోక్యాడ్‌లో ఈ గుర్తుల కోసం జీడీటీ అనే ప్రత్యేకమైన ఫాంటు ఉంటుంది. అందులో ఎన్ కొడితే వ్యాసం గుర్తు, ఎక్స్ కొడితే లోతు గుర్తు, జె కొడితే పొజిషన్ గుర్తు కనిపిస్తాయి. ఫైల్లో నిజంగా ఉండేది అక్షరమే, గుర్తు వేషం వేసేది ఫాంటు. మేం ఆఖరి నిమిషంలో ఆ ఫాంటు లేని ఇంకో లాప్‌టాప్‌లో ఫైలు తెరిచి పీడీఎఫ్ తీశాం. వేషం పోయింది, అక్షరం మిగిలింది.

మన క్లబ్బులో పాత సంచికల ఫైళ్లు తెరిచినవాళ్లకి ఈ బాధ కొత్తేం కాదు. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు కథని ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఏం కనిపిస్తుందో మనకి తెలుసు. పిచ్చి ఇంగ్లీషు అక్షరాల వరద. తెలుగుకి యూనికోడ్ వచ్చింది కాబట్టి ఆ గొడవ చాలావరకు తీరింది. వ్యాసం గుర్తుకీ, లోతుకి వాడే బాణానికీ యూనికోడ్‌లో చోటుంది. కానీ క్యాడ్ ఫైళ్లలో పాత ఫాంట్ల రాజ్యం ఇంకా నడుస్తూనే ఉంది. అందుకే డ్రాయింగ్ గీసిన కంప్యూటర్లోనే పీడీఎఫ్ తీయాలి, తీశాక ఇంకో కంప్యూటర్లో తెరిచి చూసుకోవాలి. ఇంత చిన్న మాట మాకు ల్యాబ్‌లో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇదంతా ఫాంటు గోల. అసలు గోల తర్వాత వచ్చింది.

బాబాయ్ షీటు తిప్పుతూ, "అన్ని ముఖాలకీ 0.8 ఇచ్చారు. గ్రైండింగ్ చేయించాలి. డబ్బులెవరిస్తారు?" అన్నాడు. సర్ఫేస్ ఫినిష్ గుర్తు గురించి ఆయన అడిగేది. ఆ టిక్ మార్కు లాంటి గుర్తు పక్కన ఆర్‌ఏ 0.8 అని వేస్తే, ఆ ముఖం గరుకుదనం సగటున 0.8 మైక్రాన్లు దాటకూడదని అర్థం. లేత్ మీద మామూలుగా తిప్పితే 3.2 సులభంగా వస్తుంది, జాగ్రత్తగా చేస్తే 1.6 వస్తుంది. 0.8 నమ్మకంగా కావాలంటే చాలాసార్లు గ్రైండింగ్‌కి పోవాల్సిందే. మేం ఎందుకు అన్నిటికీ పెట్టాం? నిజం చెప్పాలంటే, టూల్ ఒకసారి తీసుకుంటే క్లిక్ చేసిన చోటల్లా ఆ గుర్తు పడుతూ పోతుంది కాబట్టి. చూడ్డానికి బాగుంది కాబట్టి. ఎవరికీ తాకని, దేనికీ ఆనని ముఖాలకి కూడా పెట్టేశాం.

"వేరుశనక్కాయలకి అద్దం లాంటి ముఖం ఎందుకు బాబూ? మా రోజుల్లో రెండు త్రిభుజాలు వేస్తే సరిపోయేది" అని నవ్వాడాయన. మాకు ఆ త్రిభుజాల సంగతి కూడా అప్పటిదాకా తెలీదు. ఒకప్పుడు గరుకుదనాన్ని తలకిందులు త్రిభుజాలతో చూపించేవాళ్లు. ఎన్ని ఎక్కువుంటే అంత నునుపు. పాత షాపుల్లో ఇప్పటికీ ఆ మాటే నడుస్తుంది.

మూడోది ఇంకా అన్యాయం. షాఫ్టుకి 25 పక్కన హెచ్7 అని రాశాం, పుల్లీ రంధ్రానికీ 25 హెచ్7 అనే రాశాం. "షాఫ్టుకి రంధ్రం టాలరెన్స్ ఇచ్చారేంటయ్యా?" అన్నాడు. పెద్దక్షరం హెచ్ రంధ్రానికి, చిన్నక్షరం హెచ్ షాఫ్టుకి. పెద్ద హెచ్7 అయితే రంధ్రం 25.000 నుంచి 25.021 దాకా ఉండొచ్చు. చిన్న హెచ్7 అయితే షాఫ్టు 24.979 నుంచి 25.000 దాకా ఉండాలి. అప్పుడే ఒకదాంట్లోకి ఒకటి చేత్తో జారుతుంది. మేం డ్రాయింగ్‌లో అక్షరాలన్నీ పెద్దవే ఉండాలని క్యాప్స్ లాక్ నొక్కి మరీ టైపు చేశాం. ఆ ఒక్క మీటతో షాఫ్టు రంధ్రానికి సమానమో, అంతకంటే లావో అయ్యే దారి పడింది.

మనకి ఇది అర్థం కాని విషయమేం కాదు. తెలుగు రాసేవాళ్లం. ఒక్క సున్న ఎక్కువ పెడితే పది కాస్తా పంది అవుతుంది. దీర్ఘం ఎగిరిపోతే పాలు పలు అవుతాయి. కథ ప్రూఫ్ చూసేటప్పుడు వత్తు పోయిందని, పొల్లు పడిందని ఒకరి మీద ఒకరం అరుచుకుంటాం. ఒక్కో సంచికకి మూడుసార్లు ప్రూఫ్ చూస్తాం. మరి అదే మనం, డ్రాయింగ్ షీటుకి ఒక్కసారైనా ప్రూఫ్ చూశామా? కథలో అక్షరం తప్పు పడితే పాఠకుడు నవ్వుకుని సర్దుకుని చదువుకుంటాడు. డ్రాయింగ్‌లో తప్పు పడితే ఇనుము తెగిపోతుంది. తెగిన ఇనుముని మళ్లీ అతికించలేం.

మా ఇనుము నిజంగానే తెగింది. పైన చెప్పిన మూడు తప్పులూ బాబాయ్ పట్టుకున్నాడు, ఎందుకంటే అవి చూడగానే తప్పులని తెలిసిపోయాయి. నాలుగోది పట్టుకోలేకపోయాడు. షాఫ్టు పొడవు 320 అని ఉంది. అందులో అనుమానించాల్సింది ఏముంది? ఆయన 320కే కోశాడు. జరిగిందేంటంటే, మొదటి రివ్యూ ముందురోజు రాత్రి హడావిడిలో కొలత మీద డబుల్ క్లిక్ చేసి 320 అని చేత్తో టైపు చేశాం. తర్వాత హాపర్ వెడల్పు పెంచినప్పుడు షాఫ్టు 335 అయింది. గీత పెరిగింది. అంకె మాత్రం మేం కొట్టిన 320 దగ్గరే ఆగిపోయింది. మనం ముట్టుకోకపోతే కొలత గీతతో పాటే మారుతుంది. దాని మీద మనం సొంతంగా టైపు చేస్తే, ఇక అది కొలత కాదు, మనం చెప్పిన మాట మాత్రమే. ఆ మాట అబద్ధం అయినప్పుడు సాఫ్ట్‌వేర్ ఏమీ అనదు.

షాఫ్టు పుల్లీ దాకా అందలేదు. ఇంకో కడ్డీ కొన్నాం, ఇంకోసారి కూలి ఇచ్చాం, వారం రోజులు పోయాయి. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కానీ రెండోసారి కూలి తీసుకునేటప్పుడు ఆయన మొహమాటపడ్డం చూసి మాకే సిగ్గేసింది. తప్పు మాది, ఇబ్బంది ఆయనది.

అందుకే నా అభిప్రాయం ఇది: మనకి సింబల్స్ పెట్టడం నేర్పుతున్నారు, చదవడం నేర్పడం లేదు. మనం కూడా పెట్టడంతోనే తృప్తిపడుతున్నాం. సాఫ్ట్‌వేర్‌లో లైబ్రరీ ఉంది, క్లిక్ చేస్తే పడుతుంది, షీటు నిండుగా ఉంటే మార్కులు పడతాయి. ఒకప్పుడు డ్రాఫ్టర్‌తో చేత్తో గీసిన రోజుల్లో ఒక్కో గుర్తు గీయడానికి కష్టపడాలి కాబట్టి, ఇది అవసరమా అని ఒక్క క్షణమైనా ఆలోచించేవాళ్లు. ఇప్పుడు ఆ క్షణం పోయింది. చేత్తో గీసే రోజులు మళ్లీ రావాలని నేననను. ఆ ఒక్క క్షణం మాత్రం కావాలంటాను.

గుర్తు అంటే కుదించి రాసిన వాక్యం. ఒక పొజిషన్ ఫ్రేమ్ తీసుకోండి. గళ్లలో వరసగా పొజిషన్ గుర్తు, వ్యాసం గుర్తుతో 0.2, తర్వాత ఎ, బి, సి ఉన్నాయనుకోండి. దాన్ని తెలుగులో చదివితే ఇలా ఉంటుంది: "ఈ ముక్కని ముందు ఎ ముఖం మీద ఆనించు, తర్వాత బి అంచుకి, ఆ తర్వాత సి అంచుకి చేర్చు. అక్కడి నుంచి కొలిస్తే ఈ రంధ్రం అక్షం, చెప్పిన చోట నిలబెట్టిన 0.2 వ్యాసం గల స్తంభం లోపలే ఎక్కడైనా ఉండొచ్చు, బయటికి మాత్రం రాకూడదు." ఎంత పెద్ద వాక్యం! అన్ని మాటలు ఆ చిన్న గళ్లలో ఉన్నాయి. ఎ ఏ ముఖమో చెప్పకుండా ఎ అని రాస్తే, కర్త లేని వాక్యంలా ఉంటుంది. మా షీట్లలో అలాంటివి రెండున్నాయి.

ఇంకో మాట. ఈ గుర్తులు పనివాడిని బిగించడానికే అని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. నిజానికి తెలిసి వాడితే అవి అతనికి వీలు ఇస్తాయి. రంధ్రం స్థానాన్ని అటూ ఇటూ ప్లస్ ఆర్ మైనస్ 0.1 అని ఇస్తే, దాని కేంద్రం తిరగడానికి 0.2 భుజం ఉన్న చదరం దొరుకుతుంది. ఆ చదరం మూలకి వెళ్లినా ముక్క పనిచేస్తుందని మనం ఒప్పుకున్నట్టే కదా? మూల కేంద్రానికి సుమారు 0.14 దూరంలో ఉంటుంది. అంత దూరం ఒకవైపు ఒప్పయితే అన్నివైపులా ఒప్పే కావాలి. అంటే సుమారు 0.28 వ్యాసమున్న వృత్తం ఇవ్వొచ్చు. లెక్కేసి చూడండి, ఆ వృత్తం వైశాల్యం చదరం కంటే 57 శాతం ఎక్కువ. పని చేసే ముక్కల్ని తప్పని పక్కన పడేయకుండా కాపాడే గుర్తు అది. అర్థం తెలియకుండా పెడితే అదే గుర్తు పీకల మీదకి వస్తుంది.

వెల్డింగ్ గుర్తుల సంగతీ అంతే. ఐఎస్ఓ పద్ధతిలో ఫిల్లెట్ వెల్డ్‌కి 6 ముందు జెడ్ రాస్తే కాలు పొడవు 6 మిల్లీమీటర్లు. ఎ రాస్తే గొంతు మందం 6, అంటే కాలు దాదాపు 8.5. ఆ ఒక్క అక్షరం తేడాతో నింపాల్సిన వెల్డ్ మెటల్ రెట్టింపు అవుతుంది. ఎక్కువైతే డబ్బు, వేడి, ప్లేటు వంకర. తక్కువైతే విరుగుడు. అమెరికన్ పద్ధతిలో గుర్తు గీతకి కింద ఉంటే బాణం వైపు వెల్డింగ్, పైన ఉంటే అవతలి వైపు. ఐఎస్ఓలో వాడే ఒక పద్ధతిలో అవతలి వైపుని చుక్కల గీత చెబుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఏ స్టాండర్డ్ ఎంచుకున్నామో చూసుకోకుండా గుర్తు లాగి పెడితే, వెల్డింగ్ అవతలి వైపు పడొచ్చు. మనం క్లాసులో ఫస్ట్ యాంగిల్ నేర్చుకుని, అమెరికన్ టెంప్లేట్‌లో గీసి, థర్డ్ యాంగిల్ శంకువు గుర్తుతో షీటు ఇవ్వడం కూడా ఇలాంటిదే. ఆ మూల ఉన్న చిన్న శంకువుని ఎంతమందిమి చూశాం?

లైబ్రరీలో ఉంది కదా అని పెట్టడం ఇంకో జబ్బు. కాన్సెంట్రిసిటీ, సిమెట్రీ గుర్తుల్ని అమెరికన్ స్టాండర్డ్ వై14.5 తన 2018 ప్రచురణలో తీసేసింది. ఐఎస్ఓలో అవి ఇంకా ఉన్నాయి. మెనూలో రెండూ కనిపిస్తాయి. మెనూ మనకి అన్నీ వడ్డిస్తుంది, ఏది తినాలో మనమే తెలుసుకోవాలి.

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. మా రూమ్మేట్ అంటాడు, "ఇంకా ఏ కాలంలో ఉన్నావురా? త్రీడీ మోడల్ తిన్నగా సీఎన్‌సీకి పోతుంది. డ్రాయింగ్ ఎవడికి కావాలి?" అని. సగం నిజమే. కానీ మోడల్‌లో 25 అంటే సరిగ్గా 25. లోకంలో సరిగ్గా 25 ఎవరూ కోయలేరు. ఎంత తేడా వస్తే ఒప్పుకుంటామో మోడల్ ఆకారం చెప్పదు. అందుకే కదా 2003లోనే మోడల్ మీదే గుర్తులు పెట్టే పద్ధతికి వై14.41 అనే స్టాండర్డ్ వచ్చింది. కాగితం పోవచ్చేమో, గుర్తులు మాత్రం కాగితం మీంచి మోడల్ మీదకి ఎక్కి కూర్చున్నాయి. పైగా అక్కడ వాటిని చదివేది కొన్నిసార్లు కంప్యూటరు. బాబాయ్ లాగా "ఈ ఎన్ ఏంటి బాబూ?" అని అది అడగదు.

ఇంకో వాదన సార్లది. ల్యాబ్ మూడు గంటలు, క్లాసులో అరవై మంది, సిలబస్ నిండా కమాండ్లు. ఒక్కొక్కరి షీటు మీద ప్రతి గుర్తూ చూడాలంటే అయ్యే పనేనా? నిజంగానే కాదు. అందుకే నేను అడిగేది పెద్దదేం కాదు. మూడే మూడు.

ఒకటి, వైవాలో ఏ కమాండుతో పెట్టావని అడక్కుండా, షీటు మీద ఏదో ఒక్క గుర్తు మీద వేలు పెట్టి "ఇది చదువు" అనాలి. తెలుగులోనో ఇంగ్లీషులోనో పూర్తి వాక్యంగా చదవాలి. చదవలేని గుర్తుని అక్కడికక్కడే చెరిపించాలి. చెరిపినందుకు మార్కులు తగ్గించకూడదు, తెలియక ఉంచినందుకే తగ్గించాలి.

రెండు, ఒక బ్యాచ్ షీటు ఇంకో బ్యాచ్‌కి ఇవ్వాలి. మోడల్ చూపించకూడదు. వాళ్లు ఆ షీటు మాత్రమే చూసి, ముక్క ఎలా తయారు చేస్తారో వరసగా చెప్పాలి. ఎక్కడ ఆగిపోతారో అక్కడ తప్పుంది. ఇది మన ప్రూఫ్ రీడింగే. రాసినవాడి కంటికి తన తప్పు కనబడదని మన క్లబ్బులో వేరే చెప్పక్కర్లేదు.

మూడు, ప్రాజెక్టు డ్రాయింగ్ బయటికి వెళ్లేముందు మన వర్క్‌షాప్‌లో లేత్ దగ్గర ఉండే ఇన్‌స్ట్రక్టర్‌తో సంతకం పెట్టించాలి. గైడ్ సంతకం కంటే ముందు. ముప్పై ఏళ్లుగా మెషీన్ మీద చేయి ఉన్న మనిషి కాలేజీలోనే ఉన్నాడు. ఆయన దగ్గరికి ఫస్ట్ ఇయర్‌లో ఫిట్టింగ్ జాబ్‌కి వెళ్లడమే తప్ప, మళ్లీ ఆ గుమ్మం తొక్కం.

మనవైపు నుంచి చేయాల్సింది కూడా ఒకటుంది. గుర్తులు తగ్గిద్దాం. ప్రత్యేకించి ఏమీ చెప్పని కొలతలకి ఒకేసారి వర్తించేలా టైటిల్ బ్లాక్‌లో జనరల్ టాలరెన్స్ రాయొచ్చు. ఐఎస్ఓ 2768లో మధ్యరకం తరగతి తీసుకుంటే 6 దాటి 30 దాకా ఉన్న కొలతకి అటూ ఇటూ 0.2, 30 దాటి 120 దాకా 0.3 వీలు దొరుకుతుంది. ఆ ఒక్క లైనుతో షీటు సగం ఖాళీ అవుతుంది. అప్పుడు మిగిలిన నాలుగైదు గుర్తులకి విలువ వస్తుంది. ఇక్కడ జాగ్రత్త అని నిజంగా చెప్పాల్సిన చోటే చెబితే, వినేవాడు వింటాడు. ప్రతి వాక్యం చివరా ఆశ్చర్యార్థకం పెట్టే కథని మనమే సంచికలో వేసుకోం కదా!

మా మిషన్ చివరికి తిరిగింది. ఆ రోజు ఆటోనగర్‌కి కాసిన్ని ఒలిచిన వేరుశనగ గింజలు పొట్లం కట్టి తీసుకెళ్లాం. బాబాయ్ రెండు నోట్లో వేసుకుని, "ఈసారి డ్రాయింగ్ తెస్తే గీసినవాడే రావాలి. ఏది అడిగినా నోటితో చెప్పగలగాలి" అన్నాడు.

ఈ ఏడాది మెయిన్ ప్రాజెక్టు షీట్లు నా టేబుల్ మీదే ఉన్నాయి. మొదటి షీటులో పద్నాలుగు గుర్తులు పెట్టాం. నిన్న రాత్రి ఒక్కొక్కటీ పైకి చదువుకుంటూ కూర్చున్నాం. ఆరు మిగిలాయి.